పద్యమునకు టీక

చేతిఫోనులో మనము చూచు అనేక పుటలను జావాస్క్రిప్టు అను భాష నడపుచున్నది. 2014లో ఎవాన్ యూ వెలువరించిన వ్యూ అను సాధనమునందు పుటరూపమును టెంప్లేటుగా వ్రాయుదురు. బ్రౌజరు దానిని నేరుగా గ్రహింపఁజాలదు. కంపైలరు దానిని జావాస్క్రిప్టుగా మార్చవలెను. ఆ మార్పు చదువరి ఫోనులోనే జరుగవలెనన్నచోఁ గంపైలరునుగూడఁ బంపవలసివచ్చును. ఇది పద్యముతోఁబాటు నిఘంటువును మోయించుట వంటిది.

అట్లుగాక, వ్రాసిన భాగములన్నిటిని వెబ్‌ప్యాక్ ఒక కట్టగాఁ గట్టునప్పుడే వ్యూ-లోడరుచే టెంప్లేటును మార్పించినచోఁ బద్యమునకు టీక చేర్చి యిచ్చినట్లగును. వ్యూ రెండవ కూర్పునందుఁ గంపైలరు లేని ప్రతి సుమారు 30 శాతము తేలిక. టెంప్లేటులోని వ్రాఁతదోషములు సయితము పెక్కు కూర్పరి యెదుటనే బయటపడును.

మందమైన నెట్‌వర్కుతోఁ జదువు పల్లెవానికి ఈ తేలికయే కాలము, ధనము. టీకాకారుని శ్రమ యొక్కసారిది. నిఘంటువు బరువు చదువరు లందఱిది. కావున నా బరువును వ్రాయువాఁడే దించుట ధర్మము.