గేరు బాక్సు మార్చాలా, బాగుచేయాలా?
(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, పాలకవర్గ సభ్యులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఖాతా పుస్తకాలు, మినిట్సు పుస్తకాలు చూసే ఇన్‌స్పెక్టరు గేరు బాక్సు గురించి మాట్లాడడమేమిటని మీకు అనిపించవచ్చు. నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివి, ఆ తరువాత సహకార శాఖలో చేరినవాణ్ణి. చదివిన చదువుకూ చేసే ఉద్యోగానికీ ఇన్నేళ్లకు ఒకచోట పొత్తు కుదిరింది. పాత డీజిల్ కారుకు నాలుగు గేర్ల పెట్టె తీసి ఐదు గేర్లది వేయించవచ్చా అని ఈమధ్య రెండు మూడు సంఘాలవారు నన్ను సలహా అడిగారు. వారి బండ్ల సంగతి ఇక్కడ చెప్పడం మర్యాద కాదు కనుక నా కారు సంగతే చెబుతాను.

మా నాయనగారు 1988లో కొన్న డీజిల్ అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇంజను 1489 సీసీ. దాని బలం 40 అశ్వశక్తికి లోపే. నాలుగు గేర్లు, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. ఉత్తరపాడాలో ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. పోయిన ఏడాది రెండో గేరు వేస్తే కరకరమని శబ్దం రావడం మొదలైంది. రహదారి మీద 60 దాటితే ఇంజను గోల సరేసరి. మెకానిక్కు చూసి, "సారూ, ఈ పెట్టె పాతదైపోయింది. తరువాత వచ్చిన అంబాసిడర్లలోని ఐదు గేర్ల పెట్టె వేసేద్దాం. డీజిలు మిగులుతుంది, బండి పరుగెత్తుతుంది" అన్నాడు. కొటేషను 45,000 రూపాయలు. నాకూ ఆశ పుట్టింది. దాచుకోవడమెందుకు?

అయితే ఆ రాత్రి పాత సంగతి ఒకటి గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు. కొన్నేళ్ల క్రితం నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో డీజిల్ కారు ఉండేది. కృత్రిమ గర్భధారణ చేసే సహాయకుడు వీర్యం భద్రపరచిన నైట్రోజన్ క్యానుతో ఆ కారులోనే ఊళ్లు తిరిగేవాడు. దానికి ఐదు గేర్ల పెట్టె వేయించారు. మూడు కొటేషన్లు, తీర్మానం, ఓచరు అన్నీ సక్రమంగా ఉన్నాయి. నేను సంతకం చేసి వచ్చాను. "అసలు పాత పెట్టెకు వచ్చిన జబ్బేమిటి?" అని మాత్రం అడగలేదు. డిప్లొమా చదివినవాణ్ణి, అడగవలసింది నేనే.

జబ్బు క్లచ్చులో ఉంది. కొత్త పెట్టె వేసినా శబ్దం పోలేదు. ఆరు నెలలు తిరక్కముందే బండి షెడ్డులో పడింది. అది చలికాలం, గేదెలు ఎదకు వచ్చే రోజులు. ఎదకు వచ్చిన గేదెకు సమయానికి సూది పడకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. అన్నాళ్లూ మేత ఖర్చు తప్పదు, ఈత వెనుకబడుతుంది, పాలూ వెనుకబడతాయి. ఆ నష్టం ఏ ఖాతా పుస్తకంలోనూ కనిపించదు. అది సభ్యుడి దొడ్లో పడింది. "మీ సంతకం ఉంది కదా సారూ" అని ఒక ముసలమ్మ నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

అందుచేత నా కారు విషయంలో మూడు ప్రశ్నలు వేసుకున్నాను. మీరూ వేసుకోవలసిందిగా మనవి.

మొదటి ప్రశ్న: జబ్బు ఎక్కడ? బండి న్యూట్రల్‌లో ఉండి ఇంజను నడుస్తుండగా శబ్దం వచ్చి, క్లచ్చు తొక్కగానే ఆగిపోతే, గేరు బాక్సులోని బేరింగులను అనుమానించాలి. క్లచ్చు తొక్కినప్పుడే శబ్దం మొదలైతే, క్లచ్చు రిలీజు బేరింగును చూడాలి. అన్ని గేర్లూ, ముఖ్యంగా రివర్సు గేరు, కరకరలాడితే క్లచ్చు పూర్తిగా విడవడం లేదని అర్థం. ఒక్క గేరే కరకరలాడితే ఆ గేరు సింక్రో రింగు అరిగి ఉంటుంది. స్టీరింగు పక్కన గేరు ఉన్న బండ్లలో లింకు బుష్‌లు అరిగినా గేరు సరిగా పడదు. నా కారులో తేలింది రెండో గేరు రింగు, రెండు బుష్‌లు, ఒక బేరింగు. పెట్టె విప్పి బాగుచేయడానికి 11,000 రూపాయలు అవుతుందన్నారు.

రెండో ప్రశ్న: ఐదో గేరు మనకు ఎన్ని కిలోమీటర్లు పనికివస్తుంది? గేరు బాక్సు బలాన్ని పుట్టించదు, ఇంజను ఇచ్చిన బలాన్ని పంచుతుంది. చిన్న గేరులో లాగే శక్తి ఎక్కువ, వేగం తక్కువ. పెద్ద గేరులో అది తారుమారు. నాలుగో గేరు నిష్పత్తి ఒకటికి ఒకటి, ఐదోది 0.85 అనుకుందాం. నాలుగో గేరులో నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజను అదే వేగానికి ఐదో గేరులో 2,550 చుట్లు తిరుగుతుంది. గోల తగ్గుతుంది, డీజిలు కొంత మిగులుతుంది. కాని చిన్న ఇంజనుతో, నిండా బరువుతో, నెమ్మదిగా పోతూ ఐదో గేరు వేస్తే ఇంజను మూలుగుతుంది, పొగ కక్కుతుంది, బేరింగులు దెబ్బతింటాయి. డ్రైవరు మళ్లీ నాలుగుకే దిగుతాడు.

నేను రెండు నెలలు లాగ్ పుస్తకం రాశాను. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే, రహదారి మీద 60 దాటి సాగింది 240 కిలోమీటర్లే. మిగతాదంతా ఊరి దారులు, మలుపులు, గేదెల మందలు. లీటరుకు 12 కిలోమీటర్ల చొప్పున ఆ 240కి 20 లీటర్లు. పదోవంతు మిగిలినా 2 లీటర్లు. లీటరు సుమారు 100 రూపాయలనుకుంటే నెలకు 200, ఏడాదికి 2,400. మరమ్మతుకు ఎలాగూ 11,000 పెట్టాలి కనుక మార్పుకు అదనపు ఖర్చు 34,000. అది తిరిగి రావడానికి 14 ఏళ్లు పైనే పడుతుంది. నా ఉద్యోగంలో మిగిలింది నాలుగైదేళ్లు.

ఇదే లెక్క రహదారి మీద నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండికి వేయండి. 250 లీటర్లలో 25 మిగులుతాయి, నెలకు 2,500. అదే 34,000 సుమారు 14 నెలల్లో తిరిగి వస్తుంది. పెట్టె అదే, ధర అదే. ఒకరికి 14 ఏళ్లు, ఇంకొకరికి 14 నెలలు. కనుక పక్క సంఘం వేయించిందని మనమూ వేయించనక్కరలేదు, వారు నష్టపోయారని మనం భయపడనక్కరా లేదు.

మూడో ప్రశ్న: పెట్టెతోపాటు ఇంకేమి మారాలి? వేరే ఇంజను కోసం చేసిన పెట్టె మన ఇంజనుకు నేరుగా బిగియదు. మధ్య పలక, క్లచ్చు ప్లేటు, పెట్టెను మోసే అడ్డకమ్మీ, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, స్పీడోమీటరు కేబులు అన్నీ చూడాలి. మన ఇంజను లాగుడును ఆ పెట్టె తట్టుకుంటుందా అనేది ముఖ్యం. ఇవన్నీ కొటేషనులో వేర్వేరుగా రాయించండి. రిజిస్ట్రేషను వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. కనుక రవాణా కార్యాలయంలోను, బీమా కంపెనీవద్దను ముందే రాతపూర్వకంగా అడగడం మంచిది. పదిహేనేళ్లు దాటిన బండి అయితే రిజిస్ట్రేషను పునరుద్ధరణ ఎప్పుడో చూసుకుని మరీ ఖర్చు పెట్టండి.

నేను పాత పెట్టెనే బాగుచేయించాను. రెండో గేరు ఇప్పుడు మెత్తగా పడుతోంది. 60 దాటితే గోల అలాగే ఉంది. అందుకని 55లో పోతున్నాను. ఇంటి నుండి పావుగంట ముందు బయలుదేరితే సరిపోతోంది.

చివరగా ఒక్క మనవి. ఇకమీదట ఇటువంటి ఖర్చుకు తీర్మానం రాసేటప్పుడు "గేరు బాక్సు మార్చుటకు ఆమోదించడమైనది" అని ఊరుకోకండి. జబ్బు ఏమిటో, ఎవరు పరీక్షించారో, బాగుచేస్తే ఎంతో, మారిస్తే ఎంతో, లాగ్ పుస్తకం ప్రకారం ఎన్నాళ్లకు తిరిగి వస్తుందో నాలుగు వాక్యాలు రాయండి. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు ఊళ్లకు ఎవరు, దేనిమీద వెళతారో ఐదో వాక్యం రాయండి. తనిఖీకి వచ్చినప్పుడు నేను ముందుగా చదివేది ఆ ఐదో వాక్యమే.