కనీస అవసరాల లెక్కలో ఆడమనిషి
(ముదిగుబ్బలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి పెంచమని అడిగిన ప్రతిసారీ మనకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మీ బతుక్కి ఎంత కావాలి?" ఎంత అన్నదాని కంటే ముందు ఏమేమి కావాలో తేలాలి. ఆ జాబితా ఎలా తయారయింది, అందులో ఆడవాళ్ళకు దక్కిన చోటెంత అన్నదే నేనివాళ మాట్లాడదలచుకున్న విషయం.

1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనాన్ని లెక్కకట్టే పద్ధతిని ఆమోదించింది. సంపాదించే మగవాడు ఒక యూనిట్, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6, మొత్తం మూడు యూనిట్లు. యూనిట్‌కు రోజుకు 2,700 క్యాలరీల తిండి, మనిషికి ఏడాదికి 18 గజాల గుడ్డ, ఇంటి అద్దె. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు 20 శాతం. యజమాని ఎంత ఇవ్వగలడన్నది కాక, మనిషి బతకడానికి ఎంత కావాలన్నది కొలత కావడం పెద్ద ముందడుగే.

ఆ కొలతను ఈ మెట్ట చేలల్లో పెట్టి చూద్దాం. ఎండలో కలుపు తీసి, శెనక్కాయ పీకి, ఇంటికొచ్చి నీళ్ళు మోసే మనిషికి మగవాడి కంటే 540 క్యాలరీలు తక్కువైనా చాలట. అందరూ తిన్నాక మిగిలిన సంగటితో సరిపెట్టుకునే అలవాటుకు ఇది అధికార ముద్ర వేసింది. 18 గజాలంటే ఆరు గజాల చీరలు మూడు. రవికె, లోపావడా, నెలసరి గుడ్డ దేనిలోంచి రావాలి? అత్తా మామలకు ఈ లెక్కలో ముద్దే లేదు.

స్త్రీల, పిల్లల సంపాదనను లెక్కలోకి తీసుకోరాదని కూడా ఆ సదస్సు అన్నది. ఒక్కరి కూలితో ఇల్లు గడవాలన్నది మంచి ఉద్దేశమే. కానీ దాని నీడలో ఆడకూలి 'చేదోడు' సంపాదనగా మిగిలిపోయింది. మగవాడు బెంగుళూరుకు వలసపోయిన ఇంట్లో, మొగుడు లేని ఇంట్లో ఆ చేదోడే ఆధారం కాదా?

1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చదువు, వైద్యం, పండుగలతో సహా కనీస వినోదం, వృద్ధాప్యం, పెళ్ళిళ్ళ కోసం మరో 25 శాతం చేర్చాలన్నది. 2019లో అనూప్ సత్పతి కమిటీ కుటుంబాన్ని 3.6 యూనిట్లుగా తీసుకుంది. క్యాలరీలను 2,400కు తగ్గించినా మాంసకృత్తులను, కొవ్వును లెక్కలోకి తెచ్చింది. 2018 జూలై ధరల ప్రకారం రోజుకు 375 రూపాయలు కావాలని తేల్చింది. 2019లోనే కేంద్రం ప్రకటించిన జాతీయ కనీస స్థాయి వేతనం 178 రూపాయలు. సగం కూడా కాదు.

ఈ లోటును పూడుస్తున్నదెవరు? తల్లి కడుపు, వడ్డీ అప్పు, మధ్యలో ఆగిన ఆడపిల్ల చదువు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలోనే ఉపాధి హామీ మొదలయింది. రెండూ ఎన్నో పొయ్యిల్ని వెలిగించాయి. అయినా బియ్యం ఒక్కటే తిండి కాదు. జొన్న, కొర్ర పండిన చేలల్లోకి శెనక్కాయ వచ్చింది. పప్పూ నూనే మాత్రం కూలి ఇంట్లో ఇంకా కొలిచి వాడుకోవాల్సిన వస్తువులే.

కనుక మన జాబితా మనమే రాయాలి. ప్రతి ఊళ్ళో ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. తాగే నీరు, పప్పు, నెలసరి గుడ్డ, మరుగుదొడ్డి, ఆసుపత్రికి ఆటో చార్జీ, కూతురి చదువు, కాస్త నడుం వాల్చే తీరిక - అన్నీ రాయండి. పక్కనే ధర వేయండి. కూలి బేరానికి, అధికారి ముందుకు ఆ కాగితంతోనే వెళదాం. అవసరమని ఒప్పించుకోని దాన్ని హక్కుగా అడగడం కష్టం.