పాత మోటార్‌హోమ్‌లో గ్యాస్ హీటర్ తీసేసి డీజిల్ హీటర్ పెట్టాం

వెనకాల టిక్ టిక్ అని వినిపిస్తోందా? గడియారం కాదు, మా కొత్త హీటర్ ఫ్యూయల్ పంపు. ఇవాళ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. మాది 1992 మోడల్ ఫియట్ డుకాటో మీద కట్టిన మోటార్‌హోమ్. అంటే వయసులో నాకంటే పెద్దది. ఉండేది జర్మనీలో, మ్యూనిక్ దగ్గర. జనవరిలో అమ్మా నాన్నా తెనాలి నుంచి వస్తున్నారు. మంచు చూడాలని అమ్మ కోరిక, వ్యాన్‌లో పడుకోవాలని నాన్న సరదా. ముందు ఒకసారి టెస్ట్ చేద్దామని డిసెంబరులో నేనూ నా ఫ్రెండూ గార్మిష్ వైపు వెళ్లాం.

బయట మైనస్ 9. రాత్రి పదకొండింటికి గ్యాస్ హీటర్ ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే పది నిమిషాలు ఉండి మళ్లీ ఆరిపోయింది. అప్పుడు మేం రెండు తెలివితక్కువ పనులు చేశాం. ఫ్లోర్‌లో ఉన్న వెంట్లలోంచి చలిగాలి వస్తోందని వాటిలో టవల్ కుక్కాం. తర్వాత వెచ్చదనం కోసం వంట స్టవ్ రెండు బర్నర్లూ వెలిగించి కూర్చున్నాం. అర్ధరాత్రి దాటాక కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. నాకు అప్పటికే తలనొప్పిగా ఉంది, నిద్ర చాలక అనుకుంటున్నా. తలుపు తీసి ఇద్దరం సాక్సులతోనే మంచులోకి దూకాం.

ఆ వెంట్లు ఊరికే పెట్టినవి కాదండీ. ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే కిందికి దిగి ఆ కన్నాల్లోంచి బయటికి పోవాలి. స్టవ్ మండడానికి కావాల్సిన గాలి కూడా అలాంటి వెంట్లలోంచే లోపలికి వస్తుంది. అవి మూసేస్తే ఆక్సిజన్ తగ్గి మంట సరిగ్గా మండదు, మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ అలారం 30 యూరోలు పెట్టి కొన్నా. కొనేటప్పుడు దండగ ఖర్చు అనుకున్నా, నిజం చెప్తున్నా. మీరు కొంటే ఈఎన్ 50291-2 అని రాసి ఉన్నది తీసుకోండి. క్యారవాన్లకీ పడవలకీ ఉన్న స్టాండర్డ్ అది.

ఊళ్లోకి వచ్చాక గ్యాస్ టెక్నీషియన్‌కి చూపించా. ఆయన హీటర్ విప్పి టార్చి వేసి చూపించాడు. హీట్ ఎక్స్చేంజర్‌లో సన్నటి పగులు. మంట ఒకపక్క, మనం పీల్చే గాలి ఇంకోపక్క ఉండేలా మధ్యలో అడ్డుగోడలా ఉండేది అదే. అది పగిలితే పొగ గదిలోకే. ఒక్క క్షణం ఆలోచించండి. ఆ రాత్రి హీటర్ ఆరిపోకపోయి ఉంటే, మేం హాయిగా దాని పక్కనే నిద్రపోయేవాళ్లం.

రిపేరా, కొత్తదా? నేను కోడ్ రాసే రోజుల్లో లెగసీ సిస్టమ్ అంటే భయపడేవాణ్ని. ఒక లైన్ మారిస్తే పది చోట్ల పగిలేది. ఇదీ అంతే. మా వ్యాన్‌లో గ్యాస్ ప్రెషర్ 50 మిల్లీబార్. ఇప్పుడు వచ్చే గ్యాస్ సామాన్లు 30 మిల్లీబార్‌వి. కొత్త గ్యాస్ హీటర్ పెట్టి రెగ్యులేటర్ కూడా 30కి మారిస్తే, పాత స్టవ్‌కీ ఫ్రిజ్‌కీ ప్రెషర్ చాలదు. 50ని 30కి తగ్గించే చిన్న రెగ్యులేటర్ మధ్యలో పెట్టొచ్చు, అది మంచి దారే. కానీ చలికాలంలో 11 కిలోల సిలిండర్ మాకు నాలుగు రోజులు కూడా రావట్లేదు. మన ఇళ్లలో 14.2 కిలోల సిలిండర్ ఎన్నాళ్లు వస్తుందో అమ్మని అడగండి!

అందుకే గ్యాస్ స్టవ్‌కీ ఫ్రిజ్‌కీ వదిలేసి, వేడికి డీజిల్ అనుకున్నా. వెబాస్టో ఎయిర్ టాప్ 2000 తీసుకున్నా. 2 కిలోవాట్లు. గంటకి 0.12 నుంచి 0.24 లీటర్ తాగుతుంది, అంటే పది గంటల రాత్రికి రెండు లీటర్లు వేసుకోండి. ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా వేరేవి దొరుకుతాయి. ఇలాంటి హీటర్‌కి ఈ-మార్క్ అప్రూవల్ ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ వాహన తనిఖీలో అడుగుతారు.

పాత గ్యాస్ లైన్ మూసే పని టెక్నీషియన్‌దే, నేను చెయ్యి పెట్టలేదు. మీరూ పెట్టొద్దు. మిగతాది నేనే చేశా. రూఫ్ మీద పాత చిమ్నీ కన్నానికి అల్యూమినియం ప్లేటు, కింద బ్యుటైల్ టేప్. హీటర్ బాడీ సోఫా కింద. మండడానికి కావాల్సిన గాలి బయటి నుంచే వస్తుంది, పొగ బయటికే పోతుంది. రెండూ ఫ్లోర్ కింద. పొగ గొట్టం కిటికీ కింద రాకూడదు, గాలి తీసుకునే గొట్టానికి దగ్గరగా రాకూడదు, వ్యాన్ ముందుకి తిరగకూడదు.

పంపు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. దాన్ని పడుకోబెట్టి బిగించేస్తారు. డీజిల్ బయటికొచ్చే వైపు పైకి వాలి ఉండాలి. అప్పుడే గాలి బుడగలు ఆగకుండా పోతాయి. రబ్బర్ మౌంట్ వేస్తే ఈ టిక్ టిక్ సగానికి తగ్గుతుంది. నేను వేశా. ఇది తగ్గిన తర్వాత సౌండే, నవ్వకండి.

మొదటి రాత్రి ఏమైందో చెప్పనా? తెల్లవారుజామున నాలుగింటికి ఎర్రర్. లో వోల్టేజ్. నడిచేటప్పుడు ఈ హీటర్‌కి 14 నుంచి 29 వాట్లు చాలు. కానీ వెలిగేటప్పుడు గ్లో పిన్ 8 ఆంప్స్ దాకా లాగుతుంది. నేను ఇంట్లో మిగిలిన 1.5 ఎంఎం వైరు వాడా. బ్యాటరీ నుంచి పోనూ రానూ 10 మీటర్లు. లెక్కేస్తే దాదాపు 0.9 వోల్ట్ వైరులోనే పోతోంది. చలికి ముడుచుకున్న ముసలి బ్యాటరీ ఒకటి, ఈ సన్న వైరు ఒకటి. 4 ఎంఎం వైరు వేశాక అదే లెక్క 0.35 వోల్ట్. బ్యాటరీ కూడా కొత్తది, 95 ఆంపియర్-అవర్ ఏజీఎమ్. అన్నీ కలిపి 1,700 యూరోల దాకా అయింది.

ఇంకోటి. హీటర్ ఆఫ్ చేశాక ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది, లోపల చల్లారడానికి. అప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయకండి. ఎప్పుడూ సిమ్‌లో నడిపినా మసి పడుతుంది, అప్పుడప్పుడు ఫుల్‌లో పెట్టాలి. ఎత్తుకి వెళ్తే, 1500 మీటర్లు దాటితే గాలి పలచబడి మసి ఇంకా పెరుగుతుంది.

మూడున్నర కిలోవాట్ల హీటర్ తీసి రెండుది పెడితే సరిపోతుందా అని నాకూ అనుమానమే. అసలు దొంగ ముందు అద్దం. డ్రైవర్ క్యాబిన్ మొత్తం పలచటి అద్దాలే. సీట్ల వెనక పైనుంచి కింద దాకా మందపాటి పరదా, అద్దాలకి మ్యాట్లు వేశా. దాంతో బయట మైనస్ 6 ఉన్నప్పుడు లోపల 19, అదీ హీటర్ సగంలోనే. చివరిగా 60 ఎంఎం గొట్టం ఒకటి బాత్రూమ్‌లోకి లాగా. రాత్రిపూట అమ్మ లేచి చల్లటి ఫ్లోర్ మీద కాలు పెట్టాల్సిన చోటు అది. గొట్టం వంపులు తిరిగేకొద్దీ గాలి తగ్గుతుంది కాబట్టి నేరుగా, పొట్టిగా తీసుకెళ్లా.

మొన్న వీడియో కాల్‌లో నాన్నకి చూపించా. టవల్, స్టవ్ కథ కూడా చెప్పేశా. ఆయన హీటర్ గురించి ఏమీ అడగలేదు. "ఆ అలారం ఇంకోటి కొని మా మంచం దగ్గర పెట్టు నాన్నా" అన్నారు. పక్కనుంచి అమ్మ, "ఆ టిక్ టిక్ ఏంట్రా, రాత్రంతా అలాగే కొట్టుకుంటుందా?" అంది. పంపుకి ఫోమ్ చుట్టే పని ఇంకా ఉంది.

రెండో అలారం ఆర్డర్ పెట్టేశా. వచ్చే వారం వాటర్ ట్యాంక్ గడ్డకట్టకుండా ఏం చేశామో చూపిస్తా. ఉంటాను అండీ, బై.