డక్టుల లోపలి తనిఖీ

పెద్ద ఆసుపత్రులలోను, సినిమా హాళ్లలోను, కార్యాలయాలలోను భవనమంతటికీ ఒకేచోట గాలిని చల్లబరచి, ఫాల్స్ సీలింగు పైన అమర్చిన రేకు గొట్టాల ద్వారా గదులకు పంపుతారు. డక్టులనే ఈ గొట్టాలు కంటికి కనబడవు కనుక, వాటిలో ఏమి పేరుకున్నదో చూసేవారు లేకుండానే ఏళ్లు గడచిపోతుంటాయి.

తనిఖీ చేసేవారు అన్నిటికంటె ముందు వెతకవలసినది తడి. రేకును అంటుకొని ఎండిపోయిన పలుచని దుమ్ము చాలావరకు అక్కడే ఉండిపోతుంది గాని, దానికి తేమ తగిలిందంటే, గాలిలో ఎప్పుడూ ఉండే సూక్ష్మమైన బూజు బీజాలు ఆ దుమ్మునే ఆహారంగా చేసుకొని పెరిగి, లెక్కలేనన్ని కొత్త బీజాలను గాలిలోకి వదులుతాయి. వీటివల్ల ఉబ్బసమున్నవారికి ఆయాసం ఎక్కువ కావచ్చు. ఆస్పర్జిల్లస్ అనే రకమైతే, క్యాన్సర్ చికిత్సలో రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారి ఊపిరితిత్తులలో పెరిగి ప్రాణం మీదికి తేగలదు. ఆసుపత్రుల యాజమాన్యాలు ఈ తనిఖీని దండగ ఖర్చుగా భావించడం ఎంతమాత్రం తగదు.

తడినే ముందు వెతకాలి కనుక పని తెలిసినవారు గాలిని చల్లబరచే యంత్రం దగ్గరే తనిఖీ మొదలుపెడతారు. కూలింగ్ కాయిల్ అనే చల్లని గొట్టాల చుట్టకు తగిలిన గాలిలోని తేమ నీరై, కింది పళ్లెంలో పడి, పైపు గుండా బయటికి పోవాలి. పైపు పూడుకున్నా, పళ్లెం వాలు సరిగా లేకపోయినా నీరు నిలిచి జిగట పాచి కడుతుంది. విశాఖపట్నం వంటి తీరప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఈ పళ్లెం మీద మరింత కన్నుంచాలి. ఆ తరువాత ఫిల్టర్ చట్రం అంచులలో సందులున్నవేమో చూసి, డక్టుకున్న తలుపు తెరచి, టార్చితోను, అద్దంతోను, చేయి చేరనిచోట సన్నని తీగ చివర అమర్చిన కెమెరాతోను తుప్పునూ, ఎలుక పెంటికలనూ, నల్లని మచ్చలనూ గమనిస్తారు. మచ్చ ప్రతిదీ బూజు కానక్కరలేదు కాబట్టి, దానిమీద అంటుటేపు అద్ది తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి. లోపల పరచిన ఫైబర్ గ్లాస్ పొర తడిసి బూజుపట్టి ఉంటే, దానిని ఎంత శుభ్రపరచినా ఫలితముండదు. తీసి కొత్తది వేయవలసిందే.

డక్టులు శుభ్రపరచినంతమాత్రాన జబ్బులు రాకుండా పోతాయని నిరూపణ కాలేదనీ, బూజో, ఎలుకలూ పురుగులో, గాలికి అడ్డుపడేంత దుమ్మో కనబడినప్పుడే అందుకు పూనుకోవాలనీ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతున్నది. నీరు కారే చోటును బాగుచేయకుండా మందు చల్లించి ఊరుకుంటే బూజు మళ్లీ పడుతుంది.

ఇళ్లలోని స్ప్లిట్ ఏసీకి డక్టు లేకపోయినా కాయిల్, పళ్లెం, ఫిల్టర్ ఉన్నవి. వేయగానే ముక్కవాసన వచ్చినా, గోడ వెంట నీరు కారినా, గృహిణులు ఫిల్టరును కడిగి బాగా ఆరబెట్టి, మెకానిక్ చేత ముందుగా నీళ్ల పైపును శుభ్రం చేయించాలి.