పదే పదే రీస్టార్టయ్యే ల్యాప్‌టాప్ – ముందు చేయవలసినవి
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ఇండ్లలో ల్యాప్‌టాప్ ఇప్పుడు పిల్లల వస్తువు మాత్రమే కాదు. పి.పి.ఓ. నకలు, బ్యాంకు కాగితాలు, మనవల ఫొటోలు అందులోనే ఉంటున్నవి. దుబాయిలో ఉన్న కొడుకు, అమెరికాలో ఉన్న బిడ్డ ముఖం అందులోనే చూస్తున్నాము. అది ఉన్నట్టుండి ఆగి, తనంతట తానే మళ్ళీ మొదలవుతుంటే కంగారు సహజం. ఆ కంగారులో "ఫార్మాట్ చేసేయండి" అన్నామంటే దాచుకున్నదంతా పోతుంది. అందుచేత, అది ఐదు నిమిషాలు నిలబడినా చాలు, మొదట ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.

రెండవది, కాగితం, కలం తీసుకోండి. సర్వీసంతా ఫైళ్ల మీద నోట్ రాసినవారము, ఇదీ అటువంటి పనే. ఎప్పుడు ఆగింది, అప్పుడు ఏమి చేస్తున్నారు, చార్జరు పెట్టి ఉన్నదా, తెర మీద ఏమి కనబడింది – ఇవన్నీ రాయండి. నాలుగైదు సార్లు రాస్తే కారణం చాలావరకు దొరుకుతుంది.

అడుగు భాగం కాలుతూ, ఫ్యాను గట్టిగా మోగి, ఏ సందేశమూ లేకుండా ఆగితే వేడిని అనుమానించాలి. లోపలి భాగాలు కాలిపోకుండా యంత్రం తనను తాను ఆపుకొంటుంది. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. పరుపు మీద పెడితే గాలి దారి మూసుకుపోతుంది. బల్ల మీదనే వాడాలి, ఫ్యానులో దుమ్ము తీయించాలి.

చార్జరు తీయగానే ఆగితే బ్యాటరీని చూపించాలి. బ్యాటరీ ఉబ్బి ల్యాప్‌టాప్ అడుగు లేచినట్టు కనబడితే వెంటనే వాడకం మానాలి. దానిని నొక్కరాదు, గుచ్చరాదు.

నీలి తెర (కొత్త విండోస్ 11లో నల్ల తెర) వచ్చి మాయమైతే ర్యామ్, డిస్కు లేదా డ్రైవరు లోపం కావచ్చు. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో "స్టార్టప్ అండ్ రికవరీ" తెరిచి, "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" దగ్గర టిక్కు తీస్తే ఆ తెర నిలుస్తుంది. అందులోని కోడు రాసుకోండి. ర్యామ్‌ను పరీక్షించడానికి "విండోస్ మెమరీ డయాగ్నస్టిక్" అందులోనే ఉన్నది.

విండోస్ తెరుచుకోకముందే మళ్ళీ మొదటికి వస్తుంటే, ఈమధ్య ఎక్కిన అప్‌డేట్ కారణం కావచ్చు. 2024 జులై 19న ఇదే జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నవి. ఆనాడు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. ఆ కంప్యూటర్లలో ఏ భాగమూ కాలిపోలేదు. చాలావాటిని సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసివేయగానే బాగైనవి. కనుక రీస్టార్టయ్యే ప్రతి యంత్రమూ పాడైపోయినట్టు కాదు. రికవరీ తెరలో సేఫ్ మోడ్, అప్‌డేట్ తొలగించే వీలు రెండూ ఉంటాయి.

ఏదైనా ఒక్కసారికి ఒక్క మార్పే చేసి చూడండి. అన్నీ కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మెకానిక్ దగ్గరికి వెళ్లినా మీ నోట్ చూపించి, "ఫైళ్లు పోకూడదు" అని ముందే చెప్పండి.

చివరగా ఒక హెచ్చరిక. "మీ కంప్యూటర్ చెడిపోయింది, మేము బాగుచేస్తాము" అని ఫోను చేసేవారిని నమ్మి ఓ.టి.పి. చెప్పవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.