మీ పొలం కింద నీళ్లెవరివి? ఏది చట్టం, ఏది కాదు

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. ఎవరైనా వచ్చి "ఇది రూల్" అన్నప్పుడు, అది నిజంగా చట్టమో కాదో మనకెలా తెలుస్తుంది? లా కాలేజీ పాఠంలా వద్దు. మన అనంతపురంలో ఒక బోరు దగ్గర నిలబడి చూద్దాం. ఏడాదికి 550 చిల్లర మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వేరుశనగ పోతే పోయింది, మళ్లీ విత్తుకోవచ్చు. పదేళ్లు పెంచిన చీనీ తోట ఎండితే ఏం చేస్తాం?

సరే, మీకు నాలుగెకరాల చీనీ తోట ఉందనుకోండి. బోరు 400 అడుగులు. పక్క పొలమాయన గట్టుకి పది గజాల దూరంలో 800 అడుగులకి ఇంకో బోరు దింపినాడు. నెల తిరక్కుండా మీ బోరు గాలి కొట్టింది. రచ్చకట్ట దగ్గర పంచాయితీ. ఒకాయన అంటాడు, "వాని చేను, వాని ఇష్టం." ఇంకొకాయన, "అట్లెట్ల? వాల్టా ఉంది కదప్పా." మూడో ఆయన, "కొత్త బోర్లు వేయకూడదని పోయిన ఉగాదికి పెద్దలు తీర్మానం చేసినారు కదా." ఇంతలో ఒక పిల్లోడు ఫోన్ తీసి వాట్సాప్‌లో వచ్చిన "కొత్త జీవో" చూపిస్తాడు.

నలుగురూ రూలే చెప్తున్నారు. వీటిలో చట్టం ఏది?

"వాని చేను, వాని ఇష్టం" అన్న మాట ఊరికే వచ్చింది కాదు. దాని వెనక 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఉంది. భూమి కింద ఒక కాలువలా కాకుండా ఊరికే ఇంకి ఉన్న నీళ్లని, తన హద్దుల్లోపల తోడుకునే హక్కు ఆ భూమి యజమానికి ఉందని ఆ చట్టం ఏడో సెక్షన్ కింద ఉదాహరణగా రాశారు. మద్రాస్ రాజధానిలో ఈ చట్టం మొదటి నుంచీ అమల్లో ఉంది, మనం అందులోనే ఉన్నాం. తమాషా ఏంటంటే, బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాని చేసింది కూడా 1882లోనే.

తెల్లదొరలు రాసింది ఇప్పుడెందుకు చెల్లుతుంది అని మీరు అడగొచ్చు. నాకు ఈ సబ్జెక్టులో బాగా నచ్చే పాయింట్ ఇదే. పాతదైనందుకు చెల్లడం లేదు. 1950లో మన రాజ్యాంగం 372వ అధికరణంలో, అప్పటికి అమల్లో ఉన్న చట్టాలు మార్చేదాకా, రద్దు చేసేదాకా కొనసాగుతాయని చెప్పింది కాబట్టి చెల్లుతోంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన. 2022లో జిల్లానే రెండు ముక్కలై శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. హద్దులు మారినంత మాత్రాన చట్టం మారలేదు.

అంటే ఒక రూల్ చట్టమా కాదా అన్నది, అది మంచిదా చెడ్డదా అన్న దాన్ని బట్టి తేలదు. దానికి ఆ అధికారం ఎవరిచ్చారు, వాళ్లకెవరిచ్చారు అని మెట్టు మెట్టు ఎక్కుతూ పోవాలి. ఇంగ్లండ్‌లో హార్ట్ అనే ప్రొఫెసర్ 1961లో ఒక పుస్తకం రాశాడు. ఏది చట్టమో గుర్తుపట్టడానికి ప్రతి వ్యవస్థలోనూ ఒక మూల నియమం ఉంటుందన్నాడు. మనకి ఆ మెట్లన్నీ రాజ్యాంగం దగ్గరికే చేరతాయి.

ఇప్పుడు వాల్టా సంగతి. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, 2002. ఇదే మెట్లు ఎక్కిద్దాం. నీళ్లు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితాలో, 17వ అంశంలో ఉన్నాయి. కాబట్టి అసెంబ్లీకి అధికారం ఉంది. అసెంబ్లీ చేసింది, గెజిట్‌లో వచ్చింది. పక్కా చట్టం. మరి 1882 చట్టంతో గొడవ రాదా? ఆ ఏడో సెక్షన్‌లోనే "అమల్లో ఉన్న ఇతర చట్టాలకి లోబడి" అన్న మాట ఉంది. పాత చట్టమే తలుపు తీసిపెట్టింది, ఆ తలుపు గుండా వాల్టా లోపలికొచ్చింది.

వాల్టా ప్రకారం ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల, అనుమతి లేకుండా సేద్యానికి బోరు వేయకూడదు. రిగ్గు బండ్లు రిజిస్టర్ చేయించుకోవాలి. నీళ్లు మితిమీరి తోడేసిన ప్రాంతమని ప్రకటించి, అక్కడ కొత్త బోర్లు ఆపే అధికారం కూడా ఉంది. "ప్రకటించి" అన్న మాట గట్టిగా పట్టుకోండి. మీ ఊళ్లో నీళ్లు అడుగంటినాయని అందరికీ తెలిసినా, ఆ ప్రకటన కాగితం లేకపోతే ఆ నిషేధం మీ ఊరికి వర్తించదు. 1882 చట్టం ఒక్కటే పట్టుకుని "నా బోరు ఎండింది" అని కోర్టుకి పోతే కేసు నిలబడటం కష్టం. కాబట్టి పక్కాయనతో పోట్లాడే ముందు అడగాల్సింది, అనుమతి ఉందా, ఉంటే ఏ షరతులతో ఇచ్చారు, ఊరు జాబితాలో ఉందా అని.

పెద్దల తీర్మానానికి వద్దాం. రాజ్యాంగం 13వ అధికరణం "చట్టం" అన్న మాటలో ఆచారాన్ని కూడా కలిపింది, చట్టంతో సమానమైన బలం ఉన్న ఆచారమైతే. కానీ కోర్టులు దానికి పాతదనం చూస్తాయి, తెగకుండా నడిచిందా అని చూస్తాయి. పోయిన ఉగాది మాట ఆచారం కాదు. స్టాంపు పేపర్ మీద సంతకాలు పెట్టుకుంటే 1872 కాంట్రాక్ట్ చట్టం కింద ఒప్పందం అవుతుంది, అదీ సంతకం పెట్టినవాళ్ల మధ్యే. ఒకరు పొలం అమ్మేస్తే, కొన్నాయన "నేనేం సంతకం పెట్టలేదే" అనొచ్చు. అయినా నా లెక్కలో ఈ ఒప్పందాలు తీసిపారేసేవి కాదు. మన జిల్లాలోనే కొన్ని ఊళ్లలో రైతులు బోర్లని పైపులతో కలుపుకుని, కొత్తవి వేయబోమని ఒప్పుకుని నీళ్లు పంచుకున్నారు. ఏ రిగ్గునీ పోలీసు వచ్చి ఆపలేదక్కడ.

ఇక వాట్సాప్ జీవో. జీవో అయితే నంబరు, తేదీ, శాఖ ఉంటాయి. ఏ చట్టం కింద ఇచ్చారో చూడండి. చట్టానికి ఎదురుపోయే జీవో నిలబడదు. జనానికి తెలియజేయకుండా దాచిన రూల్ కూడా నిలబడదు. జైపూర్ సంస్థానంలో 1923లో నల్లమందు చట్టం ఒకటి తీర్మానం చేసి, ఎక్కడా ప్రచురించలేదు. దాని కింద హర్లా అనే ఆయనకి 50 రూపాయల జరిమానా పడింది. 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ప్రచురించని దాంతో జనాన్ని శిక్షించడం కుదరదని. మన రాష్ట్రంలో 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైట్లో పెట్టడం ఆపేసి, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మూడేళ్ల గొడవ ఎందుకో ఇప్పుడు అర్థమయ్యుంటుంది.

మీ ఊరి ప్రకటన కాపీ కావాలంటే తహసీల్దార్ ఆఫీసులో ఆర్టీఐ పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబొస్తే కామెంట్లో పెట్టండి, కలిసి చదువుదాం. ఉంటాను.