ముల్లు విరిగిన చోటికి తెల్లకణము ఎట్లు చేరును?



పొలమున నడచువాని పాదమున ముల్లు విరిగినచో మరునాటికి ఆ చోటు వాచి, ఎఱ్ఱబడి, పిదప చీము పట్టును. సూక్ష్మజీవులతో పోరాడి మరణించిన తెల్ల రక్తకణములే ఆ చీమున అధికముగా నుండును. రక్తప్రవాహమున కొట్టుకొనిపోవుచుండిన తెల్లకణము సరిగా ఆ పాదము వద్దనే ఎట్లు ఆగగలిగినది?

ప్రతి కణమును ఒక పలుచని పొర ఆవరించియుండును. ఆ పొరనుండి వెలుపలికి పొడుచుకొనివచ్చిన కొన్ని మాంసకృత్తులకు గ్రాహకములని పేరు. గ్రాహకపు ఆకృతికి తగినట్లు అమరి దానితో బంధము నేర్పరచుకొను అణువు లైగాండు. తాళమునకు తగిన చెవివలె రెండును సరిపడిననే పట్టు కుదురును. ఒక కణమున గ్రాహకము, వేఱొక కణమున దాని లైగాండు ఉన్నచో ఆ రెండు పొరలును ఒండొంటిని పట్టుకొనును. ఒక్కొక్క పట్టు గడ్డిపోచవలె బలహీనమే. పెక్కు కూడినచో పేనిన త్రాడగును.

ముల్లు గ్రుచ్చుకొన్న చోట రక్తనాళపు లోపలి గోడకణములు సెలెక్టినులను గ్రాహకములను పైకి తెచ్చును. అవి తెల్లకణముపై గల చక్కెర గొలుసులను పట్టుచు విడుచుచుండుటచే, కణము వేగము తగ్గి గోడవెంట దొర్లును. అంతట గోడనుండి రసాయన సంకేతము అందును. అంతవఱకు ముడుచుకొనియున్న ఇంటిగ్రినులను గ్రాహకములు నిక్కి, గోడపైనున్న ఐకామ్-1 అను లైగాండును గట్టిగా పట్టును. కణము నిలిచి, గోడకణముల సందున దూరి, గాయమును చేరును.

ఈ ఇంటిగ్రినులలో ఒక భాగము పుట్టుకతోనే లోపించిన శిశువులు అరుదుగా నుందురు. వారి రక్తమున తెల్లకణములు మామూలుకంటె హెచ్చుగనే యుండును. కాని గాయమును చేరలేవు. ఇంట దొంగ పడినను వీథిలోని కాపలావాండ్రు లోనికి రాలేని స్థితి యిది. పుండు మానదు, చీము పట్టదు. సాధారణముగ రెండు వారములలో ఊడు బొడ్డు, ఈ శిశువులలో తరచుగా మూడు వారములు దాటినను ఊడదు.

తల్లిదండ్రులిరువురి నుండియు లోపముగల జన్యువు సంక్రమించినపుడే ఈ వ్యాధి కలుగును. మేనరికములందు ఇట్టి అవకాశము హెచ్చు. ఎముకమజ్జ మార్పిడిచే ఇట్టి బిడ్డలు పెక్కురు కోలుకొనిరి. ఆలస్యముగా ఊడిన ప్రతి బొడ్డును ఈ వ్యాధికి గుర్తు కాదు. అయినను మూడు వారములు గడచినను బొడ్డు ఊడక, బిడ్డకు మాటిమాటికి పుండ్లు, జ్వరములు వచ్చుచున్నచో, పసరులు, బూడిద పూయుచు కాలము గడపక వెంటనే వైద్యునికి చూపవలెను. కంటికి కనరాని ఆ చిన్న పట్టుపైననే ఆ బిడ్డ ప్రాణము ఆధారపడియున్నది.